రెండు నిమిషాల ఊపిరి

చప్పట్లు కొట్టకూడదు, ఏడవకూడదు, పక్కవాళ్ళతో మాట కలిపి మీకెంతమంది పిల్లలని అడగకూడదు, చివర్లో ఇచ్చే కార్డు మీద ఏమీ రాయకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా నాన్న గురక పెట్టకుండా చూడాలి. మా అమ్మాయి పొద్దున ఫోనులో ఈ అయిదూ రెండుసార్లు చెప్పి, మూడోసారి నా చేత అప్పజెప్పించుకుంది. మొదటి నాలుగూ నా చేతిలో ఉన్నాయి. అయిదోది నా పక్క కుర్చీలో కూర్చుని అప్పుడే రెప్పలు వాలుస్తోంది. ఆయన్ని అనుకోవడానికేముంది, మధ్యాహ్నం ఆట, చల్లటి హాలు, మెత్తటి కుర్చీ, కడుపు నిండా భోజనం. ఇంట్లో అయితే ఈపాటికి పేపరు మొహం మీద కప్పుకుని ఉండేవాడు. తెర మీద మంచు పడుతోంది, నెమ్మదిగా, దూది ఏకి పైనుంచి ఎవరో వదులుతున్నట్టు, ఆ తెల్లటి వెలుగు ఆయన ముక్కు మీద పడి, ముక్కు మీంచి కళ్ళజోడు జారి, నేను మోచేత్తో పొడిచి, ఆయన ఉలిక్కిపడి కళ్ళజోడు పైకి తోసుకుని, "చూస్తున్నాలేవే" అని, మళ్ళీ మంచు.

ఈ సినిమా ఇంకా బయటికి రాలేదు, వచ్చే నెలలో వస్తుంది. ఈలోగా ముక్కూమొహం తెలియని నూట ఇరవైమందిని ఊరికే పిలిచి చూపిస్తున్నారు, వడ్డించే ముందు ఒక చుక్క అరచేతిలో వేసుకుని ఉప్పు చూసినట్టు. తీసినాయన చివరి వరసలో కూర్చుంటాడు. గడ్డం ఆయన. తెర వంక చూడడట, తలల వంక చూస్తాడట. ఏ తల ఎప్పుడు ఫోను మీదికి వంగింది, ఎవరు ఎప్పుడు లేచి బయటికెళ్ళారు, ఎక్కడ నవ్వకూడని నవ్వు వచ్చింది, అన్నీ చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకుంటాడట. మమ్మల్ని పిలవకూడదు నిజానికి. ఇద్దరెవరో రాలేమన్నారని, నేను మూడు రోజులు వదలకుండా బతిమాలానని, మా అమ్మాయి ఆ రెండు కుర్చీలూ మాకిప్పించింది, చుట్టరికం చెప్పకూడదన్న షరతు మీద. అది అటు పక్క గోడకి ఆనుకుని నుంచుని ఉంది, చీకట్లో ముక్కు మాత్రం కనిపిస్తోంది. ఆ ముక్కు మా అత్తగారిది. ఎక్కడున్నా గుర్తుపడతాను.

మా అమ్మాయి చప్పుళ్ళు చేస్తుంది. అదే దాని ఉద్యోగం. నాకు అర్థం కావడానికే ఆరునెలలు పట్టింది, ఆయనకింకా పట్టలేదు. సినిమాలో కత్తి దూస్తే మనకి వినిపించేది ఆ కత్తి చప్పుడు కాదు. తీసేటప్పుడు అది అట్టముక్క. తరవాత గదిలో కూర్చుని, బొమ్మ చూస్తూ, మా అమ్మాయి చాకుతో గరిటె వీపు మీద గీస్తుంది, అప్పుడది కత్తవుతుంది. సంచిలో మొక్కజొన్న పిండి పోసి పిసికితే మంచులో అడుగులు. బిస్కెట్ల పొట్లం కాగితం చెవి దగ్గర నలిపితే ఇల్లు తగలబడుతుంది. ఇరవై రెండేళ్ళు నెత్తీనోరూ కొట్టుకుని, చప్పుడు చెయ్యకుండా తినవే, తలుపు మెల్లిగా వెయ్యవే అని పెంచిన పిల్ల.

మొదటి గది ఎరుపు. గోడలు, నేల, కిటికీ తెరలు, చావబోయేవాడి చొక్కాతో సహా. ఈ సినిమాలో ఒక్కొక్కణ్ణి ఒక్కో రంగు గదిలో చంపుతుంది బూడిదరంగు బట్టల ఆవిడ. కాగితపు దీపాలు చేసుకుని బతికే మనిషి. ఆవిడ పనిచేసుకునే ఇంటికి నిప్పు పెట్టారు, లోపల చెల్లెలుండగా. అయిదుగురు. చేసినవాళ్ళు నలుగురు, వెనక తలుపు గడియ తీస్తానని చెల్లెలికి మాటిచ్చి మరిచిపోయినవాడొకడు. వాడిది చివరి గది. ఆవిడ గాలిలో లేస్తుంది, గోడ మీద నాలుగడుగులు వేస్తుంది, ఒక కిటికీ తెర మీంచి ఇంకోదాని మీదికి చీరె కొంగు వాలినట్టు వాలుతుంది, మొదటివాడి మెడ విరుగుతుంది, ముందు వరసలన్నీ ఒక్కసారి ముడుచుకుపోయాయి. నాకు మాత్రం మా ఇంటి క్యారెట్ వినిపించింది. వారం ఫ్రిజ్‌లో ఉన్న క్యారెట్ విరగదు, వంగుతుంది, దానికి తాజాది కావాలి. ఆ నెలంతా మా అమ్మాయి సాయంత్రాలు సంచితో రావడం, వంటింట్లో కూర్చుని మైకు ముందు ఒక్కొక్కటీ విరుచుకుంటూ పోవడం, మిగిలింది నేను వండడం. నెల రోజులు చచ్చినవాళ్ళనే తిన్నాం. "ఈ మధ్య కూరలో ముక్కలన్నీ ఇంత పెద్దపెద్దగా ఉంటున్నాయేమిటి" అన్నాడు ఆయన. గూండాలండీ, పెద్దగానే ఉంటారు అందామనుకున్నాను.

రక్తం బదులు కాగితం ముక్కలు ఎగురుతున్నాయి, ఎర్రటివి, వేలకి వేలు, ఆవిడ జుట్టు మీదా భుజాల మీదా వాలుతూ. చూస్తూంటే ఒళ్ళు తేలికైపోతోంది, చిన్నప్పుడు జ్వరంలో మంచం మీంచి పైకప్పు దాకా తేలిపోయినట్టు. అందం అందమే. ఊడ్చేదెవరో? ముందు వరసలో ఒక బట్టతల ఆయన ఉన్నాడు, సినిమా ఊరికే వచ్చింది కాబట్టి నోటికీ ఖర్చు లేదనుకుంటున్నాడు. "మెట్లున్నాయి కదమ్మా, గోడ మీదెందుకు నడక" అన్నాడు గట్టిగా, హాలు నవ్వింది. "ఇంత గాలిలో జుట్టు చెదరదు, ఏ నూనె రాస్తావు తల్లీ" అన్నాడు, మళ్ళీ నవ్వింది. మంచి మాటలే, ఇంకో సినిమా అయితే నేనూ నవ్వేదాన్ని. నాకు మటుకు ఆ నవ్వు వెనక్కి ప్రయాణం చేసి, వరసలు దాటి, గడ్డం ఆయన పుస్తకంలో గీతగా దిగడం కనిపిస్తోంది. మా వెనక వరసలో ముసలి అక్కచెల్లెళ్ళిద్దరు. చెల్లెలికి వినిపించదు, అక్క కథ చెబుతోంది.

"వీడు రెండోవాడే. నిన్న చచ్చినవాడు మొదటివాడు."

"నిన్నెప్పుడు?"

"ఇందాకేలే."

రెండోవాడు నీలం, మూడోవాడు పచ్చ. నీలంలో క్యాబేజీ, పచ్చలో మా పాత దుప్పటి. ఆవిడ తిరిగిన ప్రతిసారీ వినిపించే ఆ బట్ట చప్పుడు మా పెళ్ళినాటి దుప్పటిది, డాబా మీద నేను ఒక కొస, మా అమ్మాయి ఒక కొస పట్టుకుని విదిలించాం, పక్కింటావిడ ఉతికిందే ఎన్నిసార్లు ఆరేస్తారని అడిగింది. ఇవన్నీ వస్తాయి, పోతాయి, వీటికి నాకు భయం లేదు. కూరగాయలు మోసం చెయ్యవు. నాకు భయం చివరి గది గురించి. తెల్ల గది. అక్కడ సంగీతం లేదు, మాట లేదు, కత్తి లేదు. మరిచిపోయినవాడు మోకాళ్ళ మీద కూర్చుని ఉంటాడు, ఆవిడ వాడి నెత్తి మీద కత్తెత్తి నిలబడుతుంది, రెండు నిమిషాల పాటు ఆవిడ ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది. ఇది మా అమ్మాయి పట్టు. సంగీతం కట్టే ఆయన ఆ చోటికోసం నలభై వయొలిన్లతో ఒక పాట సిద్ధంగా పెట్టుకున్నాడు, ఉత్త ఊపిరిని రెండు నిమిషాలు ఎవడు భరిస్తాడంటున్నాడు. గడ్డం ఆయన ఎటూ తేల్చక, జనాన్ని అడుగుదామన్నాడు. ఇవాళ ఆ రెండు నిమిషాల్లో హాలు కదిలితే, దగ్గితే, నవ్వితే, వయొలిన్లు. "అవొస్తే నాదంటూ మిగిలేది కూరగాయలేనమ్మా" అంది మా అమ్మాయి. దాని గొంతు అంత చిన్నగా పలకడం నేను పదో తరగతి ఫలితాల రోజు తరవాత మళ్ళీ వినలేదు.

ఆ ఊపిరి నాది. ఈ సంగతి నాకూ మా అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు. నటించినావిడ ఊపిరి మంచు యంత్రాల రొదలో పాడైందట, ఆవిడ మళ్ళీ దొరకదట. మా అమ్మాయి తనే ప్రయత్నించింది, పాతికేళ్ళ ఊపిరి పలచగా ఉందంది. ఒక ఆదివారం, ఆయన బజారుకెళ్ళినప్పుడు, నన్ను పడకగది అలమరలో కూర్చోబెట్టింది. బట్టలుంటే చప్పుడు గోడలకి తగిలి తిరిగిరాదట. ఆయన చొక్కాల మధ్య, పీట మీద, గడ్డం కింద మైకు. మొదట మెట్లు ఎక్కి దిగి రమ్మంది, వచ్చాను. విని, తల అడ్డంగా ఊపింది. అలసట వినిపిస్తోందమ్మా, కోపం వినిపించట్లేదు, ఎవరినైనా చంపాలనిపించిందా ఎప్పుడైనా, అంది. ఎవరినని చెప్పను. పాలు కొలిచేవాణ్ణి, పెళ్ళి ఫొటోలో నన్ను సగం కోసేసిన ఫొటోగ్రాఫర్ని, మా ఆడపడుచుని రెండుసార్లు. అది నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూ తలెత్తితే ఆయన తెల్లచొక్కా చెయ్యి నా చెంపకి తగిలింది.

గొడుగు. ఆ చెయ్యి తగలగానే గొడుగు ఎందుకు గుర్తొచ్చిందో. నల్లది, వంకీ పిడిది, తలుపు వెనక వేలాడేది. మా అమ్మాయి కడుపులో ఉంది, కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు, రేడియోలో వార్తలు చదివే ఉద్యోగానికి నా గొంతు నెగ్గింది. మూడొందలమందిలో నలుగురం. చేరతానని సంతకం పెట్టి ఫలానా తారీఖులోపల పంపమన్నారు. సంతకం పెట్టి, కవరు అంటించి, పోస్టులో వెయ్యమని ఆయన చేతికిచ్చాను. నలగకుండా ఉంటుందని ఆయన దాన్ని గొడుగు మడతల్లో దాచాడు. తెలివైన పనే. ఎండకి గొడుగు వేసే అలవాటు మా ఇంట్లో ఎవరికుంది? తారీఖు దాటింది, వాళ్ళ దగ్గర్నుంచి ఏమీ రాలేదు, ఈ ఉద్యోగాలన్నీ ముందే అయిపోతాయిలేవే అని ఆయన నా తల నిమిరాడు, మనస్ఫూర్తిగా, నిజంగానే మరిచిపోయాడు కాబట్టి. ఓదార్పుగా ఒక రేడియో కొనిచ్చాడు. మొదటి వాన పడినరోజు, రెండు నెలల పిల్లని భుజాన వేసుకుని, టీకాకి వెళ్తూ వీధి గుమ్మంలో గొడుగు విప్పాను. కవరు నా కాళ్ళ దగ్గర పడింది. కొత్తగా ఉంది, ఒక్క మూల కూడా నలగలేదు. వాన కురుస్తూనే ఉంది, పిల్ల నా మెడ మీద చప్పరిస్తోంది, ఇంట్లోంచి రేడియోలో ఎవరిదో ఆడగొంతు వార్తలు చదువుతోంది, చక్కగా చదువుతోంది, నేను ఎంతసేపు నిలబడ్డానో.

చెప్పలేదు. చెబితే ఆయన బాధపడతాడు. ఆయన బాధపడితే నేను ఓదార్చాలి. కోపమూ నాదే, ఓదార్పూ నేనే వండి వడ్డించాలా అని ఊరుకున్నాను. ఒక్కటి మాత్రం చేశాను. అప్పట్నుంచీ ఆయన గొడుగు ఆరబెట్టను. ఇంటిల్లిపాదివీ విప్పి వసారాలో పెడతాను, ఆయనది తడిగానే మడిచి కట్టేస్తాను. పాతికేళ్ళుగా ఆయన గొడుగు ముక్కిపోతూనే ఉంది, ఈ మధ్య గొడుగులు సరిగ్గా చెయ్యడం లేదని ఆయన ఏటా కంపెనీ మారుస్తూనే ఉన్నాడు. మనసుకి శాంతిగా ఉంటుంది. ఆ అలమరలో, ఆయన చొక్కా చెయ్యి చెంపకి తగులుతుండగా, ఆ గుమ్మంలో నిలబడ్డ ఊపిరి పాతికేళ్ళ కిందటి అడుగునుంచి లేచి వచ్చింది, ముక్కులోంచి కాదు, వీపులోంచి, నాది అని నాకే తెలియనంత లావుగా. ఆగాక చూస్తే మా అమ్మాయి చెవులకి తగిలించుకున్న హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇంకోసారి వద్దులేమ్మా, అంది. ఏం తలుచుకున్నావని అడగలేదు. దానికి ముక్కు మా అత్తగారిదే గానీ బుద్ధి నాది.

నాలుగోవాడు ఎప్పుడు పోయాడో చూడనేలేదు. నలుపు గది అనుకుంటాను, వెనక అక్కగారు "అయిపోయాడే" అనడం వినిపించింది. తెర తెల్లబడుతోంది. నేల తెలుపు, గోడ తెలుపు, తెరిచిన తలుపులోంచి మంచు లోపలికి వస్తోంది, ఆవిడ వస్తోంది, వాడు మోకాళ్ళ మీద. వాడికి చూపించుకోవడానికి చేతిలో ఏమీ లేదు, మరిచిపోయినవాడి దగ్గర ఏముంటుంది. కత్తి లేచింది. సంగీతం ఆగింది. హాల్లో ఏసీ చప్పుడు ఒక్కసారి ఎంత పెద్దదైందో. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. నేను ఆయన వంక చూశాను, దేవుడా, నిద్ర. నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లాడిలా, గురకకి ముందుండే ఆ నిండు నిశ్శబ్దంలో. పొడవడానికి మోచెయ్యి ఎత్తాను, ఎత్తినది అలాగే ఉండిపోయింది, ఎందుకంటే హాలు నా ఊపిరి పీల్చింది.

అన్ని వైపుల్నుంచీ వచ్చింది. కుడి గోడ నేను, ఎడమ గోడ నేను, కుర్చీ కింద నేల నేను. ఇంత పెద్దగా నేనెప్పుడూ ఎక్కడా లేను. తెర మీద ఆవిడ భుజాలు లేచి దిగుతున్నాయి, ముప్పై ఏళ్ళ నాజూకు భుజాలు, వాటిలో నా రొమ్ము, నా వాన, నా వీధి గుమ్మం. అందరి ముందూ పైటలేకుండా నిలబడ్డట్టు సిగ్గేసింది, సిగ్గు వెనకే ఒక గర్వం, నెగ్గిన గొంతు కదా అని. ముందు వరసలో బట్టతల కదలడం లేదు. తలలన్నీ గుండ్రటి నల్లరాళ్ళలా, ఒక్కటీ వంగడం లేదు. అర నిమిషం అయుంటుంది. ముప్పావు. ఇంకా ఉంది.

"ఏమైందే? ఆయాసం వస్తోందా? మంచినీళ్ళు తాగుతావా?"

మామూలు గొంతు. ఇంట్లో, మంచం మీద, ఇవతలి వైపు తిరిగి అడిగే గొంతు. ఆ నిశ్శబ్దంలో అది హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళింది. ఆయన కళ్ళింకా సగమే తెరిచి ఉన్నాయి, చెయ్యి నా చెయ్యి కోసం వెతుకుతోంది. వెనకెక్కడో ఒక నవ్వు పుక్కున వచ్చింది, దాని పక్కన ఇంకొకటి. గోడ దగ్గర ఆ ముక్కు చేతులతో మొహం కప్పేసుకుంది. గడ్డం ఆయన పుస్తకం, నలభై వయొలిన్లు, మిగిలేది కూరగాయలే. ముందు వరసలో బట్టతల ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. అయిపోయింది, ఇప్పుడీయనొక మాటంటాడు, హాలంతా గొల్లుమంటుంది, ఇంక ఆగదు. ఆ బట్టతల మనిషి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "ష్. ఉండండి సార్" అన్నాడు, బతిమాలుతున్నట్టు. తిరిగిపోయాడు. ఆ నవ్వులు రెండూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆయనకి నా మణికట్టు దొరికింది. నాడి చూస్తున్నాడు. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను, నాలోంచి చప్పుడు రావడం లేదు, హాలు మాత్రం నా ఊపిరితో నిండి ఉంది, ఆయన నా వంక చూశాడు, తెర వంక చూశాడు, మళ్ళీ నా వంక. పాతికేళ్ళు నా పక్కన పడుకున్న చెవి అది. జ్వరమొచ్చిన రాత్రి ఊపిరీ, మా అమ్మ పోయిన రాత్రి ఊపిరీ, నిద్ర నటించే ఊపిరీ అన్నీ దానికి తెలుసు. చెవి దగ్గరికి వంగాడు.

"అది నువ్వే."

తలూపాను. తెర మీద ఊపిరి నెమ్మదిస్తోంది, ఒకటీ ఒకటీ మధ్య ఎడం పెరుగుతోంది.

"ఎవరి మీదే అంత కోపం?"

"సినిమా చూడండి" అన్నాను.

చూశాడు. చెయ్యి వదల్లేదు. చివరి ఊపిరి బయటికి వెళ్ళింది, వెళ్ళి, తిరిగి లోపలికి రాలేదు, కత్తి కిందికి కదిలింది, అంతలో తలుపులోంచి మంచు ఒక్క విసురుగా వచ్చి ఆవిణ్ణీ వాణ్ణీ తెరనీ నింపేసింది. దీపాలు వెలిగాక కూడా జనం వెంటనే లేవలేదు. గుడ్డి వెలుతుర్లో ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ, మేలుకున్నామా లేదా అన్నట్టు. "చంపేసిందిగా" అంది వెనక అక్క. "వదిలేసింది" అంది చెల్లెలు. "నీకు వినపడదుగా." "వినపడక్కర్లేదే, ఆవిడ భుజాలు చూశాను." మా అమ్మాయి వెనక వరస దాకా వెళ్ళొచ్చి మా వరస చివర నిలబడింది, మేము ఎవరో తెలియనట్టు ఉండాలన్న సంగతి తనే మరిచిపోయి, కళ్ళనిండా నీళ్ళతో. వయొలిన్లా, అన్నాను. కాదని తల అడ్డంగా ఊపింది. గడ్డం ఆయన్ని అడిగితే పుస్తకం చూపించాడట, చివరి గది దగ్గర పేజీ ఖాళీగా ఉందట. "తలలు చూడ్డం మర్చిపోయాడటమ్మా. నాన్న మాట వినిపించేదాకా తెర వంకే చూస్తున్నాడట. ఊపిరి ఉంచేద్దామన్నాడు." తరవాత ఇంకేదో చెప్పింది, నా చెవిలో మాత్రం ఆ ఒక్క మాటే తిరుగుతోంది, ఉంచేద్దామన్నాడు.

ఆయన మా మాటల్లో లేడు. మోకాలి మీద కార్డు పెట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పెన్సిలు ముక్కతో రాస్తున్నాడు. మీరు రాయకూడదు నాన్నా అని మా అమ్మాయి అంటోంది, ఆయన చెయ్యెత్తి ఆపి, రాసి, చుక్కపెట్టి, నాకిచ్చాడు. నచ్చిన సన్నివేశం ఏది అన్నచోట ఏమీ లేదు. నచ్చనిది ఏది, ఎందుకు అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, "ఆవిడ అంతసేపు నిలబడి ఆయాసపడుతుంటే ఒక్కడూ మంచినీళ్ళివ్వలేదు" అని ఉంది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. మా అమ్మాయి నన్నూ, ఆయన్నీ మార్చిమార్చి చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు అవతలికి వెళ్ళింది. హాలు ఖాళీ అవుతోంది. ఎవరో చీపురుతో ముందు వరస దగ్గర మొదలుపెట్టారు.

"ఇప్పుడైనా చెప్పు" అన్నాడు ఆయన. "నా మీదేనా?"

పాతికేళ్ళ తరవాత ఆయన మొహం ఇంత దగ్గరగా, ఇంత మెలకువగా చూడటం. బయట తలుపు పక్కన మంచినీళ్ళ డబ్బా ఉంది, కాగితం గ్లాసులు బోర్లించి ఉన్నాయి. లేచి వెళ్ళి ఒకటి నింపి తెచ్చాను, పైదాకా, తొణక్కుండా.

"నడుచుకుంటూ వెళ్దాం, దారిలో చెప్తాను" అన్నాను. "ముందు మీరు ఇవి తాగండి."